నిశ్శబ్దాలు ఊడ్చిన చీపురు

"పోయినవి నిశ్శబ్దాలండీ," అన్నాడు సౌండ్ ఇంజనీరు.

ఇన్‌స్పెక్టర్ చెవిలో వేలు పెట్టి ఓసారి తిప్పుకున్నాడు. "ఏం పోయాయన్నావ్?"

"నిశ్శబ్దాలు. ఐదు."

"అందుకేనన్నమాట, చప్పుడు కాకుండా పోయాయి!"

తన జోకుకు తనే నవ్వుకుని ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూశాడు. ఆవిడ నవ్వలేదు. చెల్లెలి మొగుడి జోకులకు ఇంట్లో నవ్వాల్సినంత నవ్వుతూనే ఉంది. డ్యూటీలో కూడా నవ్వాలంటే ఫీజు పెంచాలి.

"నాకు అర్థమయ్యేలా చెప్పు నాయనా," అంది ఇంజనీరుతో.

"ఇది పుస్తకాలు చదివి రికార్డు చేసే స్టూడియో కదండీ. చదివేవాళ్ళు మధ్యలో దగ్గుతారు. ఆ దగ్గు కోసేస్తే అక్కడ బొక్క పడుతుంది. అందులో ఒట్టి ఖాళీ పెడితే వినేవాళ్ళు ఉలిక్కిపడతారు. గదికో నిశ్శబ్దం ఉంటుందండీ. మెట్ల దగ్గరిది వేరు, వరండాది వేరు. అవన్నీ ముందే రికార్డు చేసి, ఒక్కో మాట పేరుతో ఒక్కో ఫోల్డర్లో దాచుకుంటాం. పిన్నిగారు కనిపించకుండా పోయిన రోజు 'గది', 'తలుపు', 'బయట' పోయాయి. నిన్న 'మెట్లు'. ఇవాళ పొద్దున 'నీళ్ళు'."

గోడలకు నల్లటి స్పాంజి పరిచిన ఆ గదిలో మాట నోట్లోంచి బయటపడగానే ఎవరో దిండుతో అదిమేసినట్టు ఆగిపోతోంది.

పిన్నిగారంటే ఈ స్టూడియోలో పుస్తకాలు చదివే పెద్దావిడ. నిజానికి ఆవిడ పిన్ని వరస అయ్యేది యజమాని ఒక్కడికే. ఆవిడ వాళ్ళమ్మకు చెల్లెలు. అతను పిలవగా పిలవగా అందరికీ పిన్ని అయిపోయింది. డిటెక్టివ్ ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు. కానీ ఆవిడ గొంతు వింటూ ఎన్ని కూరలు మాడబెట్టిందో లెక్కలేదు.

"ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు వదినగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బేడీలు తీస్తూ. "పిన్నిగారు అలిగి వెళ్ళిపోయారు. వీడికి యజమానితో పడదు. కసికొద్దీ ఫైళ్ళు తుడిచేస్తున్నాడు. తుడిచినవన్నీ వీడి పేరు మీదే ఉన్నాయని కంప్యూటరే చెప్తోంది. యజమాని కంప్లయింటు ఇచ్చాడు. కేసు అయిపోయింది."

"దొంగే నాకు ఫోన్ చేసి దొంగతనం జరిగిందని పిలిచాడా?"

"అతి తెలివి. అలాంటివాళ్ళను చాలామందిని చూశాను."

"చూశావు గానీ పట్టుకున్నది తక్కువేగా మరిదీ."

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డయింది. "చూడండి, ఇంట్లో మీరు పెద్ద. ఇక్కడ నేను."

"ఇంట్లో నేను పెద్దనని ఒప్పుకున్నావు, అది చాలు. సాక్షి కూడా ఉన్నాడు. పిన్నిగారు అలిగి వెళ్ళిందని ఎవరన్నారు?"

"ఆవిడే. పొద్దున నాకే ఫోన్ చేసింది. నా ఫోన్లో రికార్డయింది, వినండి."

ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. గదిలోకి పిన్నిగారు వచ్చినట్టే ఉంది. అదే గొంతు, అదే తీపి, 'క్షేమం' దగ్గర అదే ఒత్తు.

"నేనుక్షేమంగాఉన్నానునాకోసంవెతకవద్దుకొన్నాళ్ళుప్రశాంతంగాఉండాలనివెళ్ళాను."

డిటెక్టివ్ మళ్ళీ వేయమంది. మళ్ళీ విని, ఫోన్‌ను కాస్త దూరం జరిపింది. ఎందుకు జరిపిందో ఆవిడకే తెలియలేదు. గడ్డకట్టిన నెయ్యి గిన్నెలో చెయ్యి పెట్టినట్టుంది.

"ఊపిరి లేదు," అంది.

"ఏంటీ?"

"పిన్నిగారు మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీలుస్తుంది. వినేవాళ్ళందరికీ తెలుసు. ఇందులో ఎక్కడా లేదు."

"ఊపిరి లేకపోతే ఫోనెలా చేస్తుందండీ?"

"నేనూ అదే అడుగుతున్నాను."

ఇంజనీరు తలవంచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని కుడిచేతికి ఒక బేడీ, కంప్యూటరు బల్ల కోడుకు రెండో బేడీ వేసి, జీపు సిద్ధం చేయించి వస్తానన్నాడు. "నేను వచ్చేదాకా మీ ఊపిరితో మీరు ఆడుకోండి," అని కూడా అన్నాడు.

*

యజమాని గది పై అంతస్తులో ఉంది. మెడలో హెడ్‌ఫోన్లు, మడత నలగని చొక్కా. బల్ల మీద కాగితాలన్నీ అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ లేని దుమ్మును చేత్తో తుడుస్తున్నాడు.

"పిన్నికి పట్టుదల ఎక్కువండీ," అన్నాడు. "ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఆమె గొంతు అడిగారు. యంత్రానికి నేర్పిస్తారట. ఆమె ఇంట్లో పడుకున్నా పుస్తకాలు వాటంతట అవే చదువుకుంటాయి. ఒప్పుకుంటున్నానని ఒకే ఒక్క వాక్యం రికార్డు చెయ్యాలి. చెయ్యనంది."

"ఆ వాక్యం కూడా యంత్రం చేతే చెప్పిస్తే పోయేదిగా?"

"కుదరదండీ. నిజం గొంతో కాదో వాళ్ళు పరీక్షించుకుంటారు." అంత వేగంగా జవాబు వచ్చిందంటే, ఆ ప్రశ్న అతను తనను తాను ఎప్పుడో వేసుకుని ఉండాలి.

"అంటే యంత్రం గొంతు ఒకటి తయారైందన్నమాట."

"నమూనాకి... చిన్నది చేశాం." బల్ల తుడిచాడు. "మీ గొంతు చాలా బాగుంది, తెలుసా? అడుగున కాస్త గరుకు. వినేవాళ్ళు నమ్మేస్తారు. ఇంకాస్త మాట్లాడండి."

అప్పుడు చూసిందావిడ. పెన్నుల గ్లాసులో పెన్నుల మధ్య వేలెడంత మైకు. దాని నెత్తిన ఎర్ర చుక్క వెలుగుతోంది.

"అదేంటి?"

"అలవాటండీ. ఎవరొచ్చినా రికార్డు చేస్తుంటాను. ఊరికే."

"పిన్నిగారు ఎక్కువగా ఏ గదిలో చదివేది?"

"మొదటి అంతస్తులోనే. కింద నేలగది ఒకటుంది. చెమ్మ పట్టిందని ఏడాది క్రితమే మూసేశాం."

అడగని గది గురించి కూడా చెప్పాడు. డిటెక్టివ్ లేచి నిలబడింది. ఆవిడ కుర్చీని మళ్ళీ బల్లకు సరిగ్గా ఆనించి పెట్టాడతను. చాలా శుభ్రం మనిషి.

*

కిందికి వచ్చాక కంప్యూటరు చుట్టూ ఉన్న గోడ చూసిందావిడ. తెర పైన ఒక కాగితం అంటించి ఉంది. పెద్దక్షరాలతో: 'ఫైలు పేర్లలో స్పేసు పెడితే చేతులు విరుస్తా.' దాని కింద వేరే చేతిరాత, గుండ్రంగా: 'ఊపిరి బిగబట్టి పేర్లు పెట్టడం నా వల్ల కాదు నాయనా.'

"కింద రాసింది పిన్నిగారా?"

"ఇంకెవరండీ. అందరూ మాటల మధ్య అడుగుగీత కొడతారు. ఆవిడ ఒక్కర్తే ఎడం పెడుతుంది. పైగా ఒక మాటతో పోనివ్వదు. చదివినదాంట్లో మొదటి వాక్యం మొత్తం పేరుగా పెడుతుంది. రోజూ నేను కూర్చుని సరిచేసుకోవాలి."

"ఎడం పెడితే ఏమవుతుంది? చేతులు విరిచేంత పాపమా?"

ఇంజనీరుకు బేడీల సంగతి కూడా మర్చిపోయేంత ఊపొచ్చింది. "చెత్త ఫైళ్ళు తీసెయ్యడానికి నేనొక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాశానండీ. పేరు చీపురు. అందులో లూపు ఉంటుంది. ఫోల్డర్లో ఉన్న పేర్లన్నీ వరసగా తీసుకుని ఒక్కోదాన్నీ తుడుస్తుంది. కానీ అది ఎడం కనిపించినచోటల్లా పేరు అయిపోయిందనుకుంటుంది. ఎలాగంటే... మీరు పెళ్ళికి పిలవాల్సినవాళ్ళ పేర్లు రాసి ఓ మొద్దు వెధవకిచ్చారనుకోండి. అందులో 'చిన్న మామయ్య కొడుకు' అని ఉంది."

"ఊఁ."

"వాడు ఒకణ్ణి పిలవడు. ముగ్గురిని పిలుస్తాడు. చిన్న, మామయ్య, కొడుకు."

"పిలుపు అందని కొడుకు అలుగుతాడు. ఏ సంబంధమూ లేని మామయ్యెవరో వచ్చి భోంచేసి పోతాడు."

"సరిగ్గా అంతే! ఇక్కడ పిలుపంటే చావు. పిలవాల్సిన ఫైలు భద్రంగా ఉంటుంది. పాపం, ఆ పేరున్న ఇంకో ఫోల్డరేదైనా ఉంటే అది పోతుంది."

"దీనికి మందు లేదా?"

అతను కాస్త నసిగాడు. "ఉందండీ. లూపులో ఆ పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి, ఒక్కో పేరు విడిగా చదివించాలి. పొట్లానికి దారం కట్టినట్టు. అప్పుడు లోపల ఎన్ని ఎడాలున్నా విడిపోదు."

"ఆ దారం కట్టడానికి బద్ధకించి, ఆఫీసు మొత్తం చేత ఊపిరి బిగబట్టించావన్నమాట."

డిటెక్టివ్ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. గది, తలుపు, బయట. మెట్లు. నీళ్ళు.

"ఈ చీపురు ఇంకెవరి దగ్గరుంది?"

"యజమానిగారి కంప్యూటర్లో ఒక మీటలా పెట్టిచ్చానండీ. నొక్కితే ఊడుస్తుంది. 'శుభ్రం' అని చూపిస్తుంది."

"ఊడవకపోయినా చూపిస్తుందా?"

"చూపిస్తుంది," అన్నాడు సిగ్గుపడుతూ. "ఆ మీట నా పేరు మీదే పనిచేస్తుంది. ఆయనకు వేరే ఖాతా పెట్టడానికి... టైము దొరకలేదు."

ఇన్‌స్పెక్టర్ తాళాలు తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు. "పదవోయ్."

"ఆగు మరిదీ. వీడు తప్ప ఎవరైనా చెయ్యగలిగిన తప్పు ఇది. ఎడం అంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఎగిరే మనిషి, ఎడం ఉన్న పేర్ల మీద చీపురు తిప్పుతాడా? తిప్పింది ఆ కాగితం చదివి కూడా ఎందుకు రాశారో అడగనివాడు." ఆవిడ ఇంజనీరు వైపు తిరిగింది. "నేలగదిలో మైకుందా?"

"ఉందండీ. లోపలే చిన్న మీటల పలక కూడా ఉంటుంది. రికార్డు నొక్కడం, పేరు కొట్టడం, అంతే. అక్కడివి 'నేలగది' అనే ఫోల్డర్లో పడతాయి. కానీ ఏడాదిగా..." ఆగిపోయాడు. "ఏడాదిగా నేనది తెరవలేదు."

"తెరువు."

ఎడమచేత్తో తెరిచాడు. తెర మీద మూడు పేర్లు, ఒకదాని కింద ఒకటి.

'ఈ గది తలుపు బయట గడియ పెట్టారు.'

'నాకు మెట్లు మాత్రమే వినిపిస్తున్నాయి.'

'ఇక్కడ నీళ్ళు అయిపోయాయి.'

తెర వెలుగు ఇన్‌స్పెక్టర్ మొహం మీద నీలంగా పడింది.

"మొదటి మాటకు ఫోల్డరు అడ్రసు అతుక్కుంటుంది," అన్నాడు ఇంజనీరు, గొణుగుతున్నట్టు. "చివరి మాటకు సౌండు ఫైలని చెప్పే తోక ఉంటుంది. ఆ రెండూ దేనికీ తగలవు. మధ్యలో ఉన్న మాటలే దిక్కులేక మన నిశ్శబ్దాల మీద పడ్డాయి. ఆవిడ రికార్డు చేసినప్పుడల్లా ఆయన ఊడ్చాడు. అన్నీ పోయాయనే అనుకున్నాడు."

"నీళ్ళు ఎప్పుడు పోయాయన్నావ్?" అంది డిటెక్టివ్.

"ఇవాళ పొద్దున."

"అయితే పొద్దుటిదాకా ప్రాణాలతో ఉంది. మరిదీ, నువ్వు పైకెళ్ళి వాణ్ణి పట్టుకో. నేను నీళ్ళు తీసుకుని కిందికి పోతాను."

"మీరొక్కరే..."

"పొద్దుటినుంచి నీళ్ళు లేక గొంతెండిపోతున్న మనిషి దగ్గరికి యూనిఫాం ముందా, నీళ్ళు ముందా?"

ఇన్‌స్పెక్టర్ ఈసారి వాదించలేదు. "బేడీ మాత్రం తియ్యను," అన్నాడు ఇంజనీరుతో, పరువు కోసం. "నేను వచ్చేదాకా ఆ తెర మీంచి కళ్ళు తిప్పకు."

*

నేలగది ముందు ఒక ఇరుకు గది, మధ్యలో మందపాటి అద్దం, పక్కన తలుపు. తలుపుకు బయట గడియ. చెమ్మ వాసన ఎక్కడా లేదు. నేల నున్నగా తుడిచి ఉంది.

డిటెక్టివ్ గడియ తీసింది. తలుపు నాలుగంగుళాల మందం. చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల గోడకు ఆనుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అరచెయ్యి నేల మీద ఆనించి, కళ్ళు మూసుకుని.

"ఈ నడక కొత్తది," అంది పెద్దావిడ. కూరలు మాడ్పించిన ఆ గొంతు ఇప్పుడు ఇసుక రాలినట్టుంది. "ఎవరమ్మా?"

"మీ నిశ్శబ్దాలు వెతుక్కుంటూ వచ్చాను పిన్నిగారూ. ముందు తాగండి. మెల్లగా."

సీసా ఆవిడ పెదాలకు అందిందో లేదో, గాలి మారింది. డిటెక్టివ్ వెనక్కి తిరిగేలోపే తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు కూడా వినిపించలేదు. నేలలోంచి పాదాలకు మాత్రం తెలిసింది.

అద్దం అవతల దీపం వెలిగింది. యజమాని కుర్చీలో కూర్చుని, ముందు బల్లను ఓసారి చేత్తో తుడిచి, కంప్యూటరు తెరిచాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. గదిలో పై మూల స్పీకర్లోంచి అతని మాట దిగింది.

"పిన్నీ, ఆ ఒక్క వాక్యం చదివెయ్యి. ఇద్దరూ ఇళ్ళకు పోవచ్చు."

"చిన్నప్పుడు నీకు చదవడం నేర్పింది నేనేరా," అంది పిన్నిగారు. "అది నా తప్పే."

అతను నిట్టూర్చి ఇంటర్‌కం ఎత్తాడు. అవతల ఎవరో పలికారు, ఇన్‌స్పెక్టరే. "హలో? పైన గది ఖాళీగా ఉంది, వదినగారూ, మీరేనా?"

డిటెక్టివ్ ఫోన్ తీసి చూసింది, సిగ్నల్ లేదు; అద్దాన్ని రెండు చేతులా బాదింది. అద్దానికి చీమ కుట్టినట్టయినా లేదు. అతను ఒక మీట నొక్కాడు.

స్పీకర్లోంచి ఆవిడ గొంతే వచ్చింది. అడుగున కాస్త గరుకుతో, నమ్మేసేలా.

"మరిదీకిందఎవరూలేరుగదిఖాళీవాడుపారిపోయాడునువ్వుజీపుతీసుకునిగేటుదగ్గరికిపోనేనువస్తాను."

ఆవిడ చెయ్యి తెలియకుండానే నోటికి అడ్డం వెళ్ళింది. పెదాలు మూసే ఉన్నాయి.

తర్వాత ఇన్‌స్పెక్టర్ గొంతు: "సరే వదినగారూ. ఇంజనీర్ను తీసుకుని బయల్దేరుతున్నా."

ఇంటర్‌కం పెట్టేశాడు యజమాని. పెట్టినచోట వంకరగా ఉందని సర్దాడు.

ఆ సర్దడం చూశాక డిటెక్టివ్‌కు దారి కనిపించింది. పిన్నిగారి పక్కన కూలబడి, మైకుకు అందనంత గుసగుసగా చెవిలో అడిగింది. "రికార్డు చేస్తే వాడి దగ్గర దీపం వెలుగుతుందా?"

"వెలుగుతుంది. వెంటనే ఏదో నొక్కుతాడు. ఆరిపోతుంది. చెత్త కనబడితే ఆగలేడు, పుట్టుబుద్ధి."

"గది, తలుపు, బయట, మెట్లు, నీళ్ళు కాక స్టూడియోలో ఇంకా ఏ నిశ్శబ్దాలున్నాయి పిన్నిగారూ?"

"వాన, వరండా, తోట, వంటిల్లు. అన్నీ నేనే పక్కనుండి పట్టించాను. ఎందుకే?"

"పైన ఒకడు తెర ముందు కట్టేసి ఉన్నాడు. ఎదురుగా ఉన్నవి కళ్ళముందే మాయమైతే, కింద మనిషి ఉందని వాడికొక్కడికే అర్థమవుతుంది. పేరు కొట్టండి. మధ్యలో ఆ నాలుగూ రావాలి. మొదటి మాటా చివరి మాటా వేరే."

పిన్నిగారి మొహంలో మూడు రోజుల తర్వాత ఏదో కదిలింది. పలక ఒళ్ళోకి లాక్కుంది. ఒక్క అక్షరం తప్పలేదు. కొడుతూ చిన్నగా పైకి చదివింది, ప్రతి మాట తర్వాతా ఊపిరి తీసుకుంటూ.

"నాయనా... వాన... వరండా... తోట... వంటిల్లు... రారా."

అద్దం అవతల ఎర్ర దీపం వెలిగింది. యజమాని విసుగ్గా పళ్ళు కొరుక్కుని దానివైపు చూశాడు. వేలు మీట మీదికి వెళ్ళి, అక్కడ ఆగింది. డిటెక్టివ్ మొహంలోకి చూశాడు. ఆవిడ చటుక్కున తల దించేసి, ఓడిపోయినదానిలా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు కింద ఆవిడ దేవుణ్ణి కాదు, ఇంజనీరు బద్ధకాన్ని ప్రార్థిస్తోంది. ఆ దారం ఈ మధ్యలో కట్టి ఉండకూడదు.

అతను నొక్కాడు. దీపం ఆరింది. 'శుభ్రం' చూసుకుని, తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

తర్వాత ఏమీ జరగలేదు. జీపు స్టార్టయినా ఇక్కడికి వినపడదు. డిటెక్టివ్ మైకు స్టాండు ఇనపకడ్డీ ఊడదీసి పట్టుకుంది. పిన్నిగారు మాత్రం అరచెయ్యి నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

"మెట్లు," అంది కాసేపటికి.

అద్దం అవతల యజమాని కదల్లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వీపు మెట్లవైపు ఉంచి, డిటెక్టివ్ గొంతును మళ్ళీ మళ్ళీ వేసుకుని వింటున్నాడు.

"వెళ్ళిపోతున్నారా పిన్నిగారూ? వస్తున్నారా?"

పెద్దావిడ ఊపిరి పీల్చుకుంది. ఆవిడ పెదాల మీద నవ్వు మొదలవడం డిటెక్టివ్ చూసింది.

"అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం లేదమ్మా," అంది. "పరుగు."